ఎంఆర్ఐలో కండ పోయిందంటున్నారు, పిల్లాడేమో నడుస్తున్నాడు: ఏది నమ్మాలి?

పరకాల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ములుగు వైపు ఉండే వాళ్ల అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు. డుషెన్ కండర క్షీణత అని జన్యు పరీక్షలో తేలింది. ఏడాదిన్నరగా స్టెరాయిడ్ వాడుతున్నారు. ఈమధ్య హైదరాబాద్‌లో తొడలకు ఎంఆర్ఐ తీయించారు. పిరుదు కండ, తొడ లోపలివైపు పెద్ద కండ చాలావరకు కొవ్వుగా మారాయనీ, తొడ ముందు కండల్లో ఓ మోస్తరు మార్పు ఉందనీ, రెండు సన్నని కండలు మాత్రం బాగున్నాయనీ రిపోర్టులో రాశారు. ఇంట్లో చూస్తే పిల్లాడు పోయినేడు కంటే చురుగ్గా ఉన్నాడు. మరి రిపోర్టును నమ్మాలా, నడకను నమ్మాలా? ఇంకా ఎన్నేళ్లు నడుస్తాడు? ఎంఆర్ఐ ఏటా తీయించాలా? మునివేళ్ల మీద నడుస్తున్నాడు కాబట్టి మడమ వెనక టెండన్ (కండను ఎముకకు కట్టే పట్టీ) కోసి వదులు చేద్దామని ఒక ఎముకల డాక్టర్ అన్నారట, చేయించాలా? అక్కకు ఒక కూతురు కూడా ఉంది, ఆ పిల్ల సంగతేమిటి?

తమ్ముడూ, రిపోర్టూ నిజమే, నడకా నిజమే. కండ ఎంత మిగిలిందో ఎంఆర్ఐ చెప్తుంది. ఆ మిగిలినదాంతో పిల్లాడు ఎలా నెట్టుకొస్తున్నాడో నడక చెప్తుంది. ఒకటి చూసి రెండోదాన్ని పక్కన పెడితే తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి. మీరడిగిన ఆపరేషన్ విషయంలో సరిగ్గా ఆ ప్రమాదమే ఉంది, అందుకే దాని గురించి వివరంగా రాస్తాను.

నేను హన్మకొండలో ఫిజియోథెరపీ చేస్తాను. కండరాల జబ్బున్న పిల్లలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మందుల మోతాదు మీ న్యూరాలజిస్టు చూసుకుంటారు. నేను నడక, కీళ్లు, కండల బలం వైపు నుంచి మాట్లాడతాను.

కండ ముడుచుకుని సాగిన ప్రతిసారీ దాని పొర చిరగకుండా కాపాడే ప్రోటీన్ ఒకటుంది, డిస్ట్రోఫిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 79 ఎక్సాన్లు, అంటే ప్రోటీన్ తయారీ సమాచారం ఉండే ముక్కలు, ఉన్న ఆ జన్యువు మనిషి జన్యువుల్లో అన్నిటికంటే పొడవైన వాటిలో ఒకటి. డుషెన్‌లో ఆ ప్రోటీన్ దాదాపు తయారే కాదు. అందుకని రోజువారీ కదలికలకే కండ నారలు దెబ్బతింటూ ఉంటాయి. చిన్నప్పుడు శరీరం వాటిని బాగుచేసుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పని వెనకబడుతుంది. నార పోయిన చోట కొవ్వు, పీచు చేరతాయి. పిక్కలు లావుగా కనిపించేది కూడా చాలావరకు ఇందువల్లే. ఊళ్లో చాలామంది ఆ పిక్కలు చూసి పిల్లాడు గట్టివాడు అనుకుంటారు, జబ్బు ఆలస్యంగా బయటపడడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు ఫిల్ము సంగతి. టీ1 అని రాసిన బొమ్మలో కొవ్వు తెల్లగా, కండ బూడిద రంగులో కనిపిస్తుంది. తొడను అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు ఉంటుందా బొమ్మ. కండ ఉండాల్సిన చోట తెలుపు ఎంత పాకితే అంత కండ పోయినట్టు, అది తిరిగి రాదు. స్టిర్ అనే ఇంకో రకం బొమ్మ ఉంటుంది. అందులో కొవ్వు కనపడకుండా చేస్తారు, కాబట్టి తెల్లగా మెరిసేది నీరు, వాపు. అంటే అక్కడ కండ ఇప్పుడు దెబ్బతింటోంది, కానీ ఇంకా బతికే ఉంది. స్కాన్‌కు ముందు రోజు పిల్లాడు బాగా ఎగిరి దూకి అలిసిపోయినా, దగ్గరి రోజుల్లో ఆ కండలో సూది గుచ్చి ఈఎంజీ అనే కండ విద్యుత్ పరీక్ష చేసినా ఇలాంటి మెరుపు రావచ్చు. స్టిర్ గురించి రాసిన వాక్యాలు చూసి వెంటనే టెన్షన్ పడకండి.

గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాసేది సాధారణంగా మెర్కురి అనే ఇటలీ వైద్యుడి పేరుతో ఉన్న కొలత ప్రకారం. రేడియాలజిస్టు కంటితో చూసి వేసే అంచనా అది. దాన్ని వాడే తీరులో రకాలున్నాయి, కొందరు సున్నా నుంచి మొదలుపెడతారు, కొందరు ఒకటి నుంచి. రెండు చోట్ల తీసిన రిపోర్టుల్లో గ్రేడ్ మారిందని జబ్బు పెరిగిందనుకోకండి, ముందు ఎవరు ఏ లెక్కన రాశారో అడగండి. కంటి అంచనా కాకుండా శాతంలో లెక్క కావాలంటే డిక్సన్ అనే పద్ధతి ఉంది. 1984లో వచ్చింది. నీటి సంకేతాన్నీ కొవ్వు సంకేతాన్నీ విడదీసి, ప్రతి కండలో కొవ్వు ఎంత శాతమో చెప్తుంది. ఆరోగ్యంగా ఉన్న కండలో అది కొద్ది శాతమే ఉంటుంది. ఇంకోసారి ఎంఆర్ఐ తీయించాల్సి వస్తే డిక్సన్ తీస్తారా అని ముందే అడగండి. అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించడం మంచిది. కాగితం రిపోర్టుతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా తీసుకుని దాచండి, నిజమైన పోలిక దాంట్లోని బొమ్మలతోనే జరుగుతుంది.

డుషెన్‌లో కండలు ఒక వరసలో పోతాయి. పిరుదు పెద్ద కండ గ్లూటియస్ మాక్సిమస్, తొడ లోపలివైపు అడక్టర్ మాగ్నస్ ముందు పోతాయి. తర్వాత తొడ ముందు కండల వంతు. సార్టోరియస్, గ్రాసిలిస్ అనే సన్నని కండలు చాలా కాలం నిలుస్తాయి. మీ రిపోర్టులో బాగున్నాయన్న రెండు కండలు అవే అయ్యుంటాయి. అంటే మీ పిల్లాడికి అందరికంటే చెడుగా ఏదో జరిగిందని కాదు, డుషెన్ నడిచే దారి అది. కొవ్వు ముందే పిరుదులో చేరింది కాబట్టే కింద కూర్చున్నవాడు లేవడానికి చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆన్చుకుంటూ పైకి వస్తాడు.

మరి పోయినేడు కంటే చురుగ్గా ఎలా ఉన్నాడు? ఈ వయసులో పిల్లాడు పెరుగుతుంటాడు, అడుగు పొడవు పెరుగుతుంది, శరీరాన్ని తిప్పుకునే నేర్పు వస్తుంది, దానికి స్టెరాయిడ్ బలం తోడవుతుంది. ఇవన్నీ కలిసి, లోపల జరిగే నష్టాన్ని కొంతకాలం దాటిపోతాయి. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన అధ్యయనంలో డుషెన్ పిల్లలకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీశారు. నడక పరీక్షల్లో నిలకడగా ఉన్నవాళ్లలో, మెరుగైన వాళ్లలో కూడా కండలో కొవ్వు పెరుగుతూనే ఉందని అక్కడ చూశారు. స్టెరాయిడ్ వాడే పిల్లల్లో ఆ పెరుగుదల నెమ్మదిగా ఉందని కూడా అదే బృందం 2014లో చూపించింది. ఈ రెండో సంగతి మీ అక్కకు తప్పకుండా చెప్పండి. మందు వాడినా రిపోర్టు ఇలా వచ్చిందేమిటని ఆమె మందు మానేసే ఆలోచన చేస్తే అది పెద్ద నష్టం. రోజూ వేసే స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రాణానికే ప్రమాదం. జ్వరం వచ్చినప్పుడైనా, వాంతులతో మందు నిలవనప్పుడైనా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను అడగాలి.

ఎన్నేళ్లు నడుస్తాడని అడిగారు. తేదీ చెప్పేవాళ్లను నమ్మకండి. స్టెరాయిడ్లు వాడని రోజుల్లో డుషెన్ పిల్లల్లో చాలామంది 12, 13 ఏళ్లు రాకముందే నడక ఆపేసేవారు. స్టెరాయిడ్‌తో అది కొన్నేళ్లు వెనక్కి జరిగింది. ఒక పిల్లాడికీ ఇంకో పిల్లాడికీ మధ్య తేడా చాలా ఉంటుంది. జన్యువులో మార్పు ఎక్కడ ఉందన్నది, బరువు, కీళ్లు బిగుసుకోవడం, ఎముక విరగడం అన్నీ అందులో కలుస్తాయి. ఎంఆర్ఐ దీనికి ఎంతవరకు పనికొస్తుందంటే, తొడ ముందు బయటివైపు ఉండే వాస్టస్ లాటరాలిస్ అనే కండ చూడాలి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు, మరికొన్ని దేశాల వాళ్లతో కలిసి 2020లో ప్రచురించిన పనిలో, ఆ కండలో కొవ్వు శాతం నడక ఆగే కాలాన్ని వయసు కంటే అదనంగా ముందే సూచిస్తుందని తేలింది. పిరుదు కండ అప్పటికే కొవ్వయిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని చూసి లాభం లేదు. సార్టోరియస్ చివరిదాకా నిలుస్తుంది కాబట్టి దాన్ని చూసినా ఏమీ తెలియదు. నడక నిలబడేదీ పోయేదీ తొడ ముందు కండ మీద. మీ పిల్లాడి రిపోర్టులో నేను ముందు వెతికే వాక్యం అదే. ఓ మోస్తరు మార్పు అని రాశారంటే ఇంకా పనిచేసే కండ ఉంది. దాన్ని కాపాడుకోవడం మీదే ఇప్పుడు దృష్టి పెట్టాలి.

నడకను కొలిచే పద్ధతులున్నాయి, ఎంఆర్ఐ కంటే చవక, ఎక్కువసార్లు చేయొచ్చు. నేల మీద వెల్లకిలా పడుకుని లేచి నిలబడడానికి ఎన్ని సెకన్లు, 10 మీటర్లు పరిగెత్తడానికో నడవడానికో ఎన్ని సెకన్లు, 6 నిమిషాల్లో ఎంత దూరం నడుస్తాడు, ఇవి చూస్తారు. నార్త్ స్టార్ అనే 17 అంశాల పరీక్ష కూడా ఉంది, మొత్తం 34 మార్కులు. ఆరు నెలలకోసారి ఒకే చోట, వీలైతే ఒకే మనిషి దగ్గర చేయించండి. ఆరు నిమిషాల నడక 350 మీటర్ల కిందికి వచ్చిన పిల్లల్లో తర్వాతి ఏడాది తగ్గుదల వేగంగా ఉంటుందని పరిశోధనల్లో చూశారు. ఆ అంకె చూసి బెంబేలు పడమని కాదు, అప్పటికి వీల్‌చైర్, బడి, ఇంట్లో బాత్రూం సంగతులు ఆలోచించి ఉంచుకోవాలని చెప్తున్నాను. ములుగు నుంచి బస్సులో వచ్చి దిగిన వెంటనే పరీక్ష చేయించకండి. ఆకలిగా ఉన్నా, నిద్ర చాలకపోయినా అంకె పడిపోతుంది, ఇంట్లో అందరికీ దిగులు మిగులుతుంది.

ఇక ఆపరేషన్. దీని గురించి కంగారు పడి ఒప్పుకోకండి అని గట్టిగా చెప్తాను. ఎందుకో చెప్తాను, ఓపికగా చదవండి.

మీ మేనల్లుడు నిలబడినప్పుడు పక్కనుంచి చూడండి. పొట్ట ముందుకు, భుజాలు వెనక్కి, నడుము లోపలికి వంగి, మడమలు కొంచెం లేచి ఉంటాయి. చూసేవాళ్లు సరిగ్గా నిలబడు అంటారు. కానీ ఆ నిలబడే తీరే వాణ్ణి నిలబెడుతోంది. మేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు కదా, శరీర బరువుకు కూడా అలాంటి గీత ఒకటి ఉందనుకోండి. ఆ గీత తుంటి కీలుకు వెనక నుంచి దిగితే, తుంటి దానంతట అదే వెనక్కి ఆనుకుని ఆగుతుంది, పిరుదు కండ పని చేయనక్కర్లేదు. అదే గీత మోకాలికి ముందు నుంచి దిగితే, మోకాలు వెనక్కి బిగుసుకుని నిలుస్తుంది, తొడ ముందు కండకు పని తగ్గుతుంది. పిరుదు కండ పోయింది కాబట్టి భుజాలు వెనక్కి వేశాడు. తొడ ముందు కండ బలహీనపడుతోంది కాబట్టి మునివేళ్ల మీదికి లేచి గీతను మోకాలి ముందుకు తెచ్చుకున్నాడు. ఎవరూ నేర్పకుండా ఆ శరీరం కనిపెట్టుకున్న ఉపాయం ఇది.

ఇప్పుడు మడమ టెండన్ కోసి పాదం నేలకు ఆనేలా చేశారనుకోండి. మడమ కిందికి దిగగానే పిక్క ఎముక ముందుకు వాలుతుంది, మోకాలు ముందుకు వస్తుంది, బరువు గీత మోకాలి వెనక్కి పోతుంది. ఆ క్షణంలో మోకాలు మడత పడకుండా పట్టుకోవాల్సింది తొడ ముందు కండ. దానికి బలం ఉంటే సరే. లేకపోతే ఆపరేషన్‌కు ముందు రోజు దాకా నడిచిన పిల్లాడు కట్టు విప్పాక నిలబడలేడు. పైగా సిమెంట్ కట్టుతో వారాల తరబడి పడుకోబెడితే డుషెన్ కండ మరింత పోతుంది, మళ్లీ రాదు. మునివేళ్ల నడక చూడడానికి బాగుండదు, నిజమే. దాన్ని పోగొడితే నడకే పోయే పిల్లలున్నారు. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా, చీలమండ బాగా బిగుసుకుపోయి, తొడ ముందు కండ, తుంటిని వెనక్కి చాపే కండ బలంగా ఉన్న కొందరిలో మాత్రమే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని చెప్తాయి. మీ రిపోర్టులో పిరుదు కండ చాలావరకు పోయిందని రాశారు. ఆ ఒక్క వాక్యమే ఈ ఆపరేషన్‌కు వ్యతిరేకంగా బలమైన కారణం.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఇవి: తొడ ముందు కండ బలం పరీక్షించారా, ఎంత వచ్చింది? మంచం అంచున కూర్చుని మోకాలు పూర్తిగా చాపి, మీరు మీద చెయ్యి వేసి నొక్కితే పిల్లాడు నిలబెట్టగలుగుతున్నాడా? ఎంఆర్ఐ బొమ్మలు స్వయంగా చూశారా? ఆపరేషన్ తర్వాత ఎన్నో రోజు నిలబెడతారు? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట చేయించకండి. న్యూరాలజిస్టు, ఎముకల డాక్టర్, ఫిజియో ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చాకే ముందుకు వెళ్లండి.

దానికి బదులు చేయాల్సింది రోజూ ఇంట్లో చేసేదే. మోకాలు చాపి పెట్టి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని మెల్లగా పిల్లాడి వైపు వంచి కాసేపు ఆపి వదలాలి. నొప్పి పుట్టేదాకా లాగకూడదు. రాత్రి నిద్రలో పాదం వేలాడకుండా ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ స్ప్లింట్ కొలత తీసి చేయించుకోవాలి. పిల్లాడు పెరుగుతుంటాడు కాబట్టి అది చిన్నదవుతుంది, నొక్కుకున్న చోట చర్మం ఎర్రబడితే మార్చాలి. నడిచే పిల్లలకు పగలు అదే స్ప్లింట్ వేస్తే నడక కష్టమవుతుంది, మునివేళ్ల మీదికి లేచే ఉపాయాన్ని అది కూడా ఆపేస్తుంది కదా. అందుకే రాత్రి మాత్రమే. తుంటి, మోకాలి వెనక కండలకు కూడా స్ట్రెచింగ్ కావాలి, రోజులో కాసేపు బోర్లా పడుకుని టీవీ చూడమన్నా తుంటికి మేలే.

బడిలో టీచర్‌కు ఒక మాట రాసివ్వండి: గుంజీలు తీయించొద్దు, మెట్లు పదే పదే ఎక్కించి దించొద్దు. కండ సాగుతూ బరువు మోసే పనులు, అంటే మెట్లు దిగడం, వాలులో దిగడం, గొంతుక్కూర్చుని లేవడం, డిస్ట్రోఫిన్ లేని కండను ఎక్కువగా దెబ్బతీస్తాయి. సమతలం మీద నడక, సైకిల్ నెమ్మదిగా తొక్కడం, తోడు ఉంటే నీళ్లలో ఆడడం మంచివి. మరునాడు కండ నొప్పి ఉన్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా పని ఎక్కువైందని అర్థం. రంగు మారితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జాతరకో దూరం ఊరికో వెళ్లేటప్పుడు ఇప్పటినుంచే వీల్‌చైర్ వాడడంలో తప్పు లేదు. అక్కడ మిగిలిన ఓపికతో ఇంటి దగ్గర ఆడుకుంటాడు. వీల్‌చైర్ ఎక్కితే నడక మర్చిపోతాడని పెద్దవాళ్లు అంటారు, అలా జరగదు.

కింద పడకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం. స్టెరాయిడ్ వల్ల ఎముక బలహీనపడుతుంది. తొడ ఎముక విరిగి నెలల పాటు పడుకున్న పిల్లాడు మళ్లీ లేవకపోవచ్చు, అప్పటిదాకా బాగా నడిచినా సరే. బాత్రూంలో పాకుడు, గడప, రాత్రి చీకటి, వదులు చెప్పులు ముందు సరిచేయండి. విరిగితే, త్వరగా నిలబెట్టేలా వైద్యం చేయమని అడగండి. పడ్డాక, ముఖ్యంగా ఎముక విరిగాక, ఒకటి రెండు రోజుల్లో ఆయాసం, మగత, తికమక కనిపిస్తే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఈ పిల్లల్లో ఉంది.

ఎంఆర్ఐ ఏటా తీయించాలా అన్నదానికి నా జవాబు, వద్దు. రిపోర్టు ఎలా వచ్చినా మీరు చేసే పనులు మారవు. స్టెరాయిడ్, స్ట్రెచింగ్, స్ప్లింట్, ఏటా గుండె ఎకో, విటమిన్ డి, ఎముకల పరీక్ష ఎలాగూ చేయాలి. ఆ డబ్బు మంచి స్ప్లింట్ మీద, హైదరాబాద్ చెకప్ ప్రయాణాల మీద పెట్టండి. ఆపరేషన్ నిర్ణయానికి ముందో, ఏదైనా మందు ప్రయోగంలో చేరేటప్పుడో తీయించడం వేరు. ఊళ్లో అల్ట్రాసౌండ్‌తో కూడా కండ ఎంత తెల్లబడిందో చూడొచ్చు, హెక్‌మాట్ గ్రేడ్ అని 1982 నుంచి వాడుకలో ఉంది. చవక, చప్పుడు ఉండదు, పిల్లాడు కదిలినా పర్వాలేదు. అయితే చేసే మనిషి అనుభవాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఎప్పుడైనా తీయించాల్సి వస్తే మత్తు లేకుండా తీయించండి. ఎనిమిదేళ్ల పిల్లాడు నచ్చజెప్తే కదలకుండా పడుకుంటాడు. మిషన్ చప్పుడు ఫోన్లో ముందే వినిపించి అలవాటు చేయండి, లోహం ఏదీ ఒంటి మీద లేకుండా మీ అక్క పక్కనే కూర్చోవచ్చు. కండల స్కాన్‌కు బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ సాధారణంగా అవసరం ఉండదు, రేడియేషన్ కూడా ఉండదు. ఎందుకోసమైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ముందే డుషెన్ అని చెప్పండి. సక్సినైల్‌కోలిన్ అనే మందు, పీల్చే మత్తు గ్యాసులు ఈ పిల్లల్లో కండను కరిగించి, రక్తంలో పొటాషియం పెంచి గుండెను ఆపేయగలవు. ఇది ఒక కార్డు మీద రాయించి పిల్లాడి బడి సంచిలో పెట్టండి. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా చూపించాలి.

ఇది చదివే పెద్దవాళ్లలో, ముప్పై ఏళ్లకో నలభైకో నడక తడబడుతున్నవాళ్లు ఉంటారు. వాళ్ల విషయంలో నా మాట తిరగబడుతుంది. అక్కడ మొదటి ఎంఆర్ఐకి చాలా విలువ ఉంది, ఎందుకంటే జబ్బు పేరే తేలక తిరుగుతుంటారు. ఏ కండ పోయింది, ఏది నిలిచింది అన్న చిత్రం ఏ జన్యువు వైపు చూడాలో చెప్తుంది. మిగతా తొడ పోయినా ముందు కండలు నిక్షేపంగా ఉండి, పాదం వేలాడుతుంటే జీఎన్ఈ మయోపతీ అనే జన్యు కండర జబ్బు గుర్తుకు రావాలి. పిక్క వెనక కండలు ముందు పోతే డిస్ఫెర్లిన్ అనే ఇంకో కండ ప్రోటీన్ లోపం ఒక అనుమానం. ఒక భుజం ఎక్కువ, ఒకటి తక్కువగా పోయి, ముఖం కండలు కూడా బలహీనంగా ఉంటే ఎఫ్ఎస్‌హెచ్‌డీ అనే ముఖం, భుజాల కండర క్షీణత. డిస్ఫెర్లిన్ లోపాన్ని కండరాల వాపు అనుకుని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడించినవాళ్లు ఉన్నారు. ఆ జబ్బులో స్టెరాయిడ్ మేలు చేయదు, బలం ఇంకా తగ్గవచ్చు. అటువైపు, నిజంగా వాపు జబ్బు అయితే మందుతో తగ్గుతుంది. ఒక ఎంజైమ్ లోపంతో కండ బలహీనపడే పాంపే జబ్బుకు ఎంజైమ్ చికిత్స 2006 నుంచి ఉంది. అందుకే, ఇది వంశపారంపర్యం, చేసేదేమీ లేదు అని ఎవరైనా అన్నా పేరు తేలేదాకా వదలకండి. మేనరికం పెళ్లిళ్లున్న ఇళ్లలో తుంటి, భుజాల కండలు బలహీనపడే లింబ్ గర్డిల్ రకాలు ఎక్కువ కనిపిస్తాయి, డాక్టర్‌కు ఆ బంధుత్వం సిగ్గుపడకుండా చెప్పండి.

స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో కండ తిరిగి వచ్చిందని, ముందూ తర్వాతా ఎంఆర్ఐ బొమ్మలు పెట్టి లక్షలు అడిగేవాళ్లు ఉన్నారు. కండరాల క్షీణతకు స్టెమ్ సెల్‌ను మామూలు చికిత్సగా అమ్మడానికి దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు. స్టిర్‌లో మెరుపు తగ్గిన బొమ్మ చూపించి కొవ్వు తగ్గిందని చెప్తే నమ్మకండి. పొలం అమ్మే ముందు ఆ బొమ్మలు మీ న్యూరాలజిస్టుకు చూపించండి.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో కండర క్షీణత పేరు విడిగా ఉంది. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు ఇప్పుడే చేయండి, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, పింఛను, బస్సు పాస్, పరీక్షల్లో అదనపు సమయం అన్నిటికీ అదే ఆధారం. అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో హైదరాబాద్‌కు సంబంధించిన కేంద్రంగా జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థను, నిమ్స్ ఆసుపత్రిని కలిపి పెట్టారు. జన్యు కౌన్సెలింగ్‌కు అక్కడికి వెళ్లడం మంచిది.

చివరగా మీ అక్క కూతురు. డుషెన్ తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుంది, కానీ మూడింట ఒక వంతు కేసుల్లో తల్లిలో లోపం ఉండదు, పిల్లాడిలోనే కొత్తగా వస్తుంది. అందుకే ముందు పరీక్ష మీ అక్కకు. పిల్లాడిలో ఏ మార్పు దొరికిందో ఆ రిపోర్టు పట్టుకెళ్తే అదే మార్పు ఆమెలో ఉందో లేదో చూస్తారు. కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన క్యారియర్ (తనకు సాధారణంగా జబ్బు లేకుండా లోపాన్ని మోసే మనిషి) కాదని చెప్పలేం. ఆమెలో ఉంటే కూతురికి రావడానికి సగం అవకాశం. ఆ అమ్మాయికి వచ్చినా సాధారణంగా జబ్బు రాదు, ఆమెకు పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం ఉంటుంది, చేసుకునేది మేనమామనైనా బయటి సంబంధమైనా అంతే. ఆ అమ్మాయి పెద్దయ్యి, విషయం అర్థం చేసుకుని, తానే అడిగినప్పుడు పరీక్ష చేయించండి, పెళ్లి మాటలు మొదలవకముందే ఆమెకు చెప్పి ఉంచండి. మీకు జబ్బు లేదు కాబట్టి మీలో ఆ మార్పు లేనట్టే, మీ పిల్లల గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అక్కలో మార్పు లేదని తేలినా, ఇంకో బిడ్డను కనాలనుకుంటే జన్యు కౌన్సెలర్‌ను కలవాలి. ఎందుకంటే రక్తంలో కనపడని మార్పు అండాల్లో మాత్రమే ఉండే సందర్భాలున్నాయి.

మీ అక్క క్యారియర్ అని తేలితే ఆమె గుండెకు కూడా పరీక్ష కావాలి. క్యారియర్ ఆడవాళ్లలో కొందరికి గుండె కండ బలహీనపడుతుంది. పిల్లాడి ఆరోగ్యం చూసుకుంటూ తన ఆయాసాన్ని అలసట అనుకుని వదిలేసే తల్లులను చాలామందిని చూశాను. పిల్లాడి ఎకోకు వెళ్లిన రోజే ఆమెకూ తీయించండి.